గ్రాఫ్‌వాకర్ టెస్టులు ఆగకపోయినా, ఇరుక్కుపోయినా

గ్రాఫ్‌వాకర్ అనే టెస్టింగ్ టూల్‌కి మోడల్ (సాఫ్ట్‌వేర్ నడిచే తీరు బొమ్మ) గీసి ఇస్తే దారులు అదే వెతికి టెస్టులు ఇస్తుంది. వెర్టెక్స్ అంటే చెక్ చేయాల్సిన స్థితి, ఎడ్జ్ అంటే చేయాల్సిన పని. లాగిన్ మోడల్ తీసుకుందాం: పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్ అవ్వాలి.

సమస్య: టెస్ట్ ఎంతకీ ఆగదు

"రాండమ్(ఎడ్జ్_కవరేజ్(100))" అని ఇస్తే, ప్రతి ఎడ్జ్‌నీ ఒక్కసారైనా తొక్కేదాకా అది ఆగదు. ఒక్క ఎడ్జ్ అందకపోయినా అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. టూల్‌ని తిట్టుకునే ముందు గార్డ్‌లు, అంటే ఎడ్జ్ ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే షరతులు చూడండి.

మన మోడల్‌లో "తప్పు పాస్‌వర్డ్" ఎడ్జ్‌కి గార్డ్ "తప్పులు < 2", యాక్షన్ "తప్పులు++" (ఆ ఎడ్జ్ తొక్కినప్పుడల్లా లెక్కకి ఒకటి కలుస్తుంది). "లాక్" ఎడ్జ్‌కి గార్డ్ "తప్పులు == 3". చూడ్డానికి బాగానే ఉంది. కానీ లెక్క 2 దాటదు, లాక్ ఎడ్జ్ ఎప్పటికీ తెరుచుకోదు. నిజానికి లాక్ ఎడ్జే మూడో తప్పు కాబట్టి దాని గార్డ్ "తప్పులు == 2" అని ఉండాలి.

పెద్ద మోడల్‌లో ఇది కంటితో పట్టుకోవడం కష్టం. "ఎడ్జ్_కవరేజ్(100) ఆర్ లెంగ్త్(500)" అని హద్దు పెట్టి, ఆఫ్‌లైన్ కమాండ్‌ని (టెస్ట్ నడపకుండా దారి మాత్రమే ఇచ్చేది) అన్‌విజిటెడ్ ఆప్షన్‌తో నడపండి. చివర్లో మిగిలిన ఎడ్జ్‌ల పేర్లు చూస్తే దొంగ దొరుకుతాడు.

సమస్య: దారి లేదంటూ మధ్యలో ఎర్రర్

పై గార్డ్ సరిచేయగానే చాలామందికి ఎదురయ్యేది ఇదే. లాక్ స్థితిలోకి వెళ్లాక బయటికి ఎడ్జ్ లేదు, కవరేజ్ ఇంకా పూర్తవలేదు. "కొత్త యూజర్‌తో మొదలు" అనే ఎడ్జ్ గీసి, యాక్షన్‌లో లెక్కను సున్నా చేయండి.

బయటికి దారి ఉన్నా ఎర్రర్ వస్తోందా? జనరేటర్ (దారి ఎంచుకునే పద్ధతి) క్విక్_రాండమ్ అయ్యుంటుంది. అది గార్డ్‌లను పట్టించుకోకుండా దగ్గరి దారి వేసుకుంటుంది, తీరా వెళ్లేసరికి తలుపు మూసి ఉంటుంది. గార్డ్‌లున్న మోడల్‌కి మామూలు రాండమే నయం.

సమస్య: అన్నీ పాస్, బగ్ మాత్రం కస్టమర్‌కి దొరికింది

వెర్టెక్స్ మెథడ్‌లు (ఒక్కో స్థితిని చెక్ చేయడానికి రాసిన కోడ్) తెరిచి చూడండి. లోపల అసర్ట్ (ఫలితం సరిచూసే లైన్) లేకపోతే ఆ టెస్ట్ ఊరికే తిరిగొస్తుంది. అసర్ట్ ఉన్నా, కోడ్ చూసి మోడల్ గీస్తే కోడ్‌లోని తప్పే మోడల్‌లోకీ వస్తుంది. మోడల్‌ని రిక్వైర్‌మెంట్ నుంచే గీయాలి. అనుమానంగా ఉంటే కోడ్‌లో లాక్ పరిమితిని 3 నుంచి 5కి మార్చి నడపండి. అప్పుడూ పాసేనంటే మీ టెస్ట్ లాక్‌ని చూడట్లేదు.

సమస్య: నిన్న ఫెయిలైంది, ఇవాళ రావట్లేదు

రాండమ్ కాబట్టి ప్రతిసారీ దారి మారుతుంది. సీడ్ విలువను (రాండమ్ ఎంపిక మొదలయ్యే సంఖ్య) లాగ్‌లో రాసుకోండి, అదే సీడ్ ఇస్తే అదే దారి మళ్లీ వస్తుంది. అయినా ఫెయిలవ్వకపోతే పాత టెస్టులు డేటాబేస్‌లో వదిలేసిన లాక్ అయిన అకౌంట్ల కోసం వెతకండి.