ఉప్పునీటి చేపల్ని ఇంటికి తెచ్చుకునే ముందు

ట్యాంకు తీసేస్తున్నవాళ్ల దగ్గర చేపలు తీసుకుంటున్నారా? ముందు అందులో ఏమున్నాయో చూడండి. సీహార్స్ (గుర్రం తల ఉండే చిన్న చేప), దాని బంధువైన సన్నటి పైప్‌ఫిష్ ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1 (గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా)లోకి ఈ కుటుంబం మొత్తాన్ని 2001లోనే చేర్చారు. అటవీశాఖకు చెప్పడమే దారి. ఫిషింగ్ హార్బర్‌లో వలకి చిక్కిందంటూ ఎవరైనా సీసాలో చూపించినా అంతే. పైగా సీహార్స్‌కి కడుపే ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. రోజంతా మేపుతూ కూర్చోవాలి!

క్లౌన్‌ఫిష్ లాంటివైతే సరే.

ఆర్వో నీళ్లలో ఆక్వేరియం ఉప్పు ముందురోజే కలిపి పంపుతో తిప్పండి. సాంద్రత 1.025 దగ్గరుండాలి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలు) సున్నా చూపించాలి. విశాఖ ఆర్కే బీచ్ నీళ్లు బిందెతో తేవద్దు, ఊరి కాలువలు కలిసే తీరమది.

బ్యాటరీ ఎయిర్ పంపు కొన్నారా? మే నెలలో కరెంటు పోయినప్పుడు మేం రెండు గంటలు గిన్నెతో నీళ్లు తోడి పోస్తూ కూర్చున్నాం.

చేపను దాని నీళ్లతోనే బకెట్లో వదలండి. సన్న గొట్టానికి ముడేసి, ట్యాంకు నీళ్లు సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున గంటసేపు పడనివ్వండి. తర్వాత చేపనొక్కదాన్నే ట్యాంకులోకి మార్చండి, బకెట్ నీళ్లు పారబోయండి.