పాత వస్తువు ఆన్‌లైన్‌లో అమ్మే ముందు

పాత ఫోనో, సోఫానో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు, మోసపోతే కొనేవాళ్లే మోసపోతారు, మనకేం అనుకుంటాం. వస్తువు మన దగ్గరే ఉంది, డబ్బు రావాల్సింది మనకే కదా అని ధీమా. మోసగాడికి కావాల్సింది ఆ ధీమానే.

ప్రకటన పెట్టిన కాసేపటికే ఫోన్ వస్తుంది. బేరం ఆడడు. వస్తువు ఎలా ఉందో కూడా అడగడు. "నేను ఊళ్లో లేనండి, మనిషిని పంపిస్తాను, డబ్బు ఇప్పుడే వేసేస్తాను" అంటాడు. నమ్మకం కుదరడానికి గుర్తింపు కార్డు, యూనిఫాంలో ఉన్న ఫోటో పంపుతాడు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్. "స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ అకౌంట్‌లో పడిపోతుంది." కొందరైతే ముందు చిన్న మొత్తం నిజంగానే పంపి, రెండోసారి దెబ్బ కొడతారు. గొంతు ఎంత మర్యాదగా ఉంటుందంటే, ఫోన్ పెట్టేయడానికి మనకే మొహమాటం. పెట్టేయండి. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే. మనకు రావడానికి పిన్, ఓటీపీ, కార్డు వెనక ఉండే 3 అంకెలు ఏవీ అక్కర్లేదు.

ఇంకొకడు "మీరు నిజంగా అమ్మేవాళ్లేనా? ఒక కోడ్ పంపాను, చెప్పండి" అంటాడు. అది చాలాసార్లు మీ వాట్సాప్‌కి సంబంధించిన 6 అంకెల కోడ్. చెప్పారంటే మీ నంబరుతో అతను తన ఫోన్‌లో లాగిన్ అయి, మీ పేరుతో మీ బంధువులనే డబ్బు అడుగుతాడు.

స్క్రీన్‌షాట్‌నీ, ఎస్‌ఎమ్‌ఎస్‌నీ నమ్మకండి. బ్యాంక్ యాప్ మీరే తెరిచి బ్యాలెన్స్ చూసుకున్నాకే వస్తువు చేతికివ్వండి. "పొరపాటున ఎక్కువ వేశాను, మిగతాది తిరిగి పంపండి" అంటే ఇంకా జాగ్రత్త. అతను వేసింది చెక్కు అయితే, డబ్బు అకౌంట్‌లో కనిపించినా తర్వాత బౌన్స్ కావచ్చు. మీరు తిరిగి పంపింది మాత్రం పోయినట్టే. కొరియర్ ఖర్చు, ఇన్సూరెన్స్ అంటూ మిమ్మల్నే ముందు కట్టమనే లింకులు నొక్కకండి.

పార్శిల్ పంపాల్సి వస్తే ప్యాక్ చేసేటప్పుడు సీరియల్ నంబరు కనపడేలా వీడియో తీయండి. మంచిది ఉంచుకుని, అలాంటిదే పాడైనది వెనక్కి పంపేవాళ్లున్నారు. ఫోన్ అయితే *#06# డయల్ చేస్తే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, కనిపిస్తుంది, రాసిపెట్టుకోండి. అకౌంట్లన్నీ లాగౌట్ చేసి, రీసెట్ చేశాకే ఇవ్వండి.

నేరుగా ఇవ్వగలిగితే అదే మేలు. పగటిపూట, నలుగురు తిరిగే చోట, తోడు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది.

ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకండి, బాగా చదువుకున్నవాళ్లూ పడిపోయారు. ఆ నిమిషమే బ్యాంకుకి ఫోన్ చేయండి, తర్వాత సైబర్ పోలీసులకు చెప్పండి. చాట్ డిలీట్ చేయకండి, అదే మీ సాక్ష్యం. ఆ తర్వాత కొన్నాళ్లకు "మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఒక్క పైసా కూడా ఇవ్వకండి.