మెదడులో భాషా పటం – 4వ పాఠం: పార్శ్వ సూచికను లెక్కించడం

గత పాఠంలో, మెదడు శస్త్రచికిత్సకు ముందు భాష ఏ వైపున ఉందో తెలుసుకోవడానికి, రోగి ఎఫ్ఎంఆర్ఐ (పనిచేస్తున్న మెదడు భాగాలను చూపే స్కాన్) యంత్రంలో పడుకుని, వినిపించిన నామవాచకానికి తగిన క్రియను పైకి పలకకుండా మనసులోనే అనుకునే పరీక్షను చూశాం. 'కత్తి' అంటే 'కోయడం', 'బావి' అంటే 'తోడడం'. 30 సెకన్లు ఈ పని, 30 సెకన్లు విశ్రాంతి, మళ్ళీ పని. తెలుగు రోగికి పదాల జాబితా తయారుచేసేటప్పుడు 'ఆట', 'పాట' వంటి మాటలను వదిలేయడం మేలని నా అభిప్రాయం. 'ఆడడం', 'పాడడం' ఆ శబ్దంలోనే దాగి ఉన్నందున, రోగి అర్థాన్ని వెతుక్కోవలసిన పనే ఉండదు.

ఈ పాఠంలో ఆ పరీక్ష నుంచి వచ్చిన పటాన్ని అంకెగా మార్చడం నేర్చుకుందాం. ఎడమ అర్ధగోళంలోని భాషా ప్రాంతంలో వెలిగిన ఘనబిందువుల (వోక్సెల్, అంటే స్కాన్ చిత్రంలోని అతి చిన్న ఘనం) సంఖ్య నుంచి కుడివైపు సంఖ్యను తీసివేసి, వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే పార్శ్వ సూచిక వస్తుంది. అది 0.2 కంటే ఎక్కువైతే భాష ప్రధానంగా ఎడమవైపున, –0.2 కంటే తక్కువైతే కుడివైపున ఉన్నట్టు, మధ్యలో ఉంటే రెండువైపులా పంచుకున్నట్టు సాధారణంగా పరిగణిస్తారు. ఎడమన 620, కుడిన 280 ఉన్నాయనుకుందాం: 340ని 900తో భాగిస్తే సుమారు 0.38. అదే పటానికి గణాంక పరిమితిని, అంటే ఒక ఘనబిందువు వెలిగినట్టు లెక్కించడానికి సంకేతం ఎంత బలంగా ఉండాలో చెప్పే గీతను, కఠినం చేసినప్పుడు ఎడమన 90, కుడిన 10 మాత్రమే మిగిలాయనుకోండి, సూచిక 0.8 అవుతుంది. మెదడు మారలేదు, మన గీత మారింది. అందువల్ల ఒక్క పరిమితి దగ్గర లెక్కించి ఆగిపోకుండా, నాలుగైదు పరిమితుల దగ్గర లెక్కించి సూచిక ఎటు మొగ్గుతోందో చూడాలి.

ఇక అసలు చిక్కు. 1990లో శాస్త్రవేత్త సెయిజీ ఒగావా బృందం వివరించిన, ఎఫ్ఎంఆర్ఐ కొలిచే ఈ సంకేతం నాడీకణాల పనిని నేరుగా చూపదు. ఆ పని వెంట పెరిగే రక్తప్రవాహం వల్ల ఆక్సిజన్ కోల్పోయిన హిమోగ్లోబిన్ తగ్గడాన్ని చూపుతుంది. కణితి చుట్టూ ఉన్న రక్తనాళాలు ఈ స్పందనను కోల్పోతే, కణాలు పనిచేస్తున్నా పటం ఖాళీగా కనిపిస్తుంది. అక్కడ కోయవచ్చని అనుకుంటే రోగి మాట పోవచ్చు. వెలిగిన చోటంతా భాషకు అత్యవసరమనీ కాదు, ఎందుకంటే ఆ పనిలో పాలుపంచుకునే ప్రాంతాలన్నీ వెలుగుతాయి. ఈ కారణంగానే పటం ఉన్నప్పటికీ, భాషా ప్రాంతాల సమీపంలో శస్త్రచికిత్స చేసేటప్పుడు రోగిని మెలకువలో ఉంచి, బొమ్మల పేర్లు చెప్పిస్తూ, మెదడు ఉపరితలాన్ని స్వల్ప విద్యుత్తుతో పరీక్షిస్తారు. పైగా కపాలం తెరిచాక మెదడు కొంత జరుగుతుంది కనుక, ముందురోజు పటం ఆ క్షణానికి అచ్చంగా సరిపోదు.

అభ్యాసం: కుడిచేతి వాటం గల రోగి. మెదడు ముందు భాగంలోని ఎడమ ఫ్రాంటల్ లోబ్‌లో కణితి. ఎడమన 90, కుడిన 150. సూచికను లెక్కించి, దాన్ని నమ్మి ఎడమవైపు నిశ్చింతగా కోయవచ్చో లేదో రెండు వాక్యాలలో రాయండి.