రేడియో విమానం నేర్చుకుందాం – 5వ పాఠం: 400 అడుగుల లెక్క

రేడియో విమానాలకీ వర్తించే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే స్వేచ్ఛగా ఎగరేయగల ప్రాంతంలో, నేల నుంచి 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా, ఎగరడానికి విడిగా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపలైతే ఎంత తక్కువ ఎత్తుకైనా అనుమతి కావాలి. మధురపూడి విమానాశ్రయం ఉంది కాబట్టి రాజమండ్రికి ఉత్తరాన ఉన్నవాళ్లు ముందు దూరం కొలుచుకోవాలి. అమలాపురం, రాజోలు వైపు ఆ బెడద లేదు. అయినా తీర్థాలకీ, పెద్ద సభలకీ పోలీసులు ఒక్కో విడత 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ (ఎగరడం నిషేధించిన ప్రాంతం) పెట్టొచ్చు. అందుకని ఎగరేసే రోజు పొద్దున్నే ఈ జోన్లను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. వరదల్లో సహాయ హెలికాప్టర్లు కిందుగా తిరుగుతాయి, ఆ రోజుల్లో మోడల్ బయటికి తియ్యొద్దు.

అసలు చిక్కు ఎత్తు చూపే మీటర్‌తోనే. చట్టం అడిగేది విమానం కింద ఉన్న నేల నుంచి ఎత్తు. ఈ మీటర్‌లో ఉండే బారోమీటర్, అంటే గాలి పీడనం కొలిచే సెన్సార్, చూపేది బ్యాటరీ తగిలించిన చోటు నుంచి ఎత్తు. 5 మీటర్ల ఏటిగట్టు మీద నుంచి లేపితే, మీటర్ 118 చూపేటప్పటికి వరిచేను మీద మీ విమానం 123లో ఉంటుంది. సాయంత్రం ఇంకో మెలిక. నాలుగు దాటాక గాలి పీడనం మెల్లగా పెరుగుతుంది. ఒక్క హెక్టోపాస్కల్ పెరిగితే మీటర్ సుమారు 8 మీటర్లు తక్కువ చూపిస్తుంది. కాబట్టి ప్రతి ఫ్లైట్‌కీ ముందు టెలిమెట్రీ (విమానం రేడియోకి పంపే కొలతలు) రీసెట్ చేసి, సున్నా వచ్చాకే లేపండి.

రేడియోలో ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్ ఉంటే లాజికల్ స్విచ్ అనే మెనూలో ఎత్తు 100 దాటినప్పుడు ఆన్ అయ్యేలా పెట్టి, స్పెషల్ ఫంక్షన్ మెనూలో దానికి మాట హెచ్చరిక కలపండి. 120కి పెట్టకండి. సెకనుకి 5 మీటర్లు ఎక్కే విమానం ఆ 20 మీటర్లనీ నాలుగు సెకన్లలో మింగేస్తుంది. హెచ్చరిక విని మీరు థ్రాటిల్ తగ్గించేసరికి సగం అయిపోతుంది.

కంటితో సరిచూసుకోవడానికి కొబ్బరి ఈనె చాలు. రెక్కల పొడవు 1.2 మీటర్లైతే 6 మిల్లీమీటర్ల ముక్క కోయండి. మీ చేతులు రేడియో మీదే ఉంటాయి కాబట్టి పక్కనున్నవాళ్లు దాన్ని తమ కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలి. నడినెత్తిన ఉన్న విమానం ఈనె కంటే చిన్నగా కనిపించిందా, హద్దు దాటినట్టే. దూరంగా ఉన్న విమానానికి ఈ కొలత పనికిరాదు, ఎత్తు తక్కువున్నా చిన్నగానే కనిపిస్తుంది.

ఈ వారం అభ్యాసం: నడినెత్తిన అదే 1.2 మీటర్ల రెక్కల పొడవు ఈనెతో కొలిస్తే, మీటర్ 60 చూపినప్పుడు 12 మిల్లీమీటర్లు, 100 దగ్గర 7 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. రాకపోతే ముందు చెయ్యి దూరం కొలవండి, తర్వాత సెన్సార్ మీద స్పాంజి ముక్క ఉందో లేదో చూడండి. ప్రొపెల్లర్ గాలి నేరుగా తగిలితే అంకెలు గెంతుతాయి.