విశాఖకు మకాం మారుస్తున్నారా? ఇంటికన్నా ముందు కొండబాట చూసుకోండి

విశాఖ చుట్టూ మౌంటెన్ బైక్ తొక్కేది ఎక్కువగా పశువుల బాటల మీద, జీడి తోటల మధ్య బండి దారుల మీద, గెడ్డల (వాగుల) పక్క గట్ల మీద. వాటికి బోర్డులుండవు, వెతుక్కోవాలి. అద్దె ఇంటి గుమ్మం నుంచి ఇరవై నిమిషాల్లో మట్టి తగలాలి. ఇదొక్కటే కొలతగా పెట్టుకోండి. అరకు లోయ ఎంత అందమైనదైనా నూరు కిలోమీటర్లు దాటి ఉంది, నెలకోసారికి మించి కుదరదు. వారంలో నాలుగు ఉదయాలు తొక్కించేది ఇంటి దగ్గరి బాటే. సాయంత్రాల మీద ఆశ పెట్టుకోకండి. డిసెంబరులో ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. జూన్‌లో మాత్రం ఐదున్నరకే తెల్లారిపోతుంది.

మొదటి పని, ఉన్న ఊళ్లోనే కూర్చుని సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటం తెరవడం. అందులో సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఒక్కో ఎత్తు గీతకూ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. బాట వెంట సెంటీమీటరులో రెండు గీతలు దాటితే 8 శాతం వాలు, హాయిగా ఎక్కుతారు. ఐదు దాటితే 20 శాతం. గులకరాళ్ల మీద వెనక చక్రం జారి, సైకిల్ తోసుకుంటూ పోవాల్సిందే.

తర్వాత గూగుల్ ఎర్త్. ఎండిన గెడ్డ, బండి దారి పైనుంచి ఒకేలా తెల్లటి గీతల్లా కనిపిస్తాయి, చాలామంది ఇక్కడే పొరబడతారు. గెడ్డ వంకర్లు తిరుగుతూ కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది, ఒడ్డున చెట్లు గుబురుగా ఉంటాయి. దారి వెడల్పు మారదు, వాలుకు అడ్డంగా ఏటవాలుగా ఎక్కుతుంది. పాత చిత్రాల స్లైడరు కూడా జరిపి చూడండి. మధురవాడ, ఆనందపురం వైపు నాలుగేళ్ల కిందటి బాట ఇప్పుడు లేఅవుట్ అయిపోయి ఉండొచ్చు. స్ట్రావా (సైకిల్ తొక్కేవాళ్లు తమ దారులు నమోదు చేసుకునే యాప్) హీట్‌మ్యాప్‌లో, అంటే ఎక్కువమంది వెళ్లిన దారులు మెరిసే పటంలో, బీచ్ రోడ్డు మెరుస్తుంటే మురిసిపోవద్దు, అది రోడ్డు సైకిళ్ల దారి. రోడ్డు నుంచి చీలి కొండవైపు పోయే సన్నటి గీతలే మనకు కావాలి.

ఏ వైపు ఇల్లు? మా ఓటు ఆనందపురం–సొంట్యాం–పెందుర్తి పట్టీకి దగ్గరగా ఉండే చోటికే. ఎర్రమట్టి, చిన్న కొండలు, తోటల దారులు అక్కడే ఎక్కువ. ఆరు వరుసల హైవేను మాత్రం అండర్‌పాస్‌ల కిందుగానే దాటండి. రెండో ఎంపిక అడవివరం, ముడసర్లోవ వైపు. గాజువాక నుంచి యారాడ కొండ ఎక్కడం బాగుంటుంది కానీ అది తారు రోడ్డు, పైగా నేవీ హద్దులు. ఎంవీపీ కాలనీ, సిరిపురంలో ఉంటే కైలాసగిరి రోడ్డుతోనే సరిపెట్టుకోవాలి.

కొన్నిచోట్లకు చక్రం పోకూడదు. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. అటవీ శాఖ గేటు దగ్గర అడిగి, సైకిల్‌కు అనుమతి ఉన్న దారిలోనే వెళ్లండి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భౌగోళిక వారసత్వ స్థలం. ఆ మట్టి గట్టిపడని ఇసుక లాంటిది, చక్రం గీసిన చాలు వెంట వాన నీరు పారి గండి పడుతుంది. దయచేసి అక్కడ తొక్కవద్దు. తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్థలాల్లోనూ అంతే. సింహాచలం చుట్టూ జరిగే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ దారి మామూలు రోజుల్లో కొండను నలువైపులా చూడ్డానికి మంచి చుట్టు. ఆషాఢ పౌర్ణమికి, దాని ముందు రోజున మాత్రం భక్తులతో నిండిపోతుంది, అటు వెళ్లకండి.

చూడ్డానికి ఒక్కసారే రాగలిగితే అక్టోబరు, నవంబరుల్లో వాన పడ్డ మూడో రోజు రండి. ఫిబ్రవరిలో ప్రతి బాటా బాగానే కనిపిస్తుంది. వానల తర్వాత గడ్డి మూసెయ్యని, బురద పట్టని బాటే ఏడాదంతా పనికొస్తుంది. వాన పడ్డ మర్నాడు మాత్రం ఎర్రమట్టి టైరుకు ముద్దలా పట్టి ఫ్రేములో ఇరుక్కుంటుంది. ఊరి చివర మేకలు కాసేవాళ్లను అడగండి: "ఈ దారిలో మోటార్‌సైకిలు వెళ్తాదా అండీ?" వెళ్తుందంటే మీరూ వెళ్లగలరు. పొలం గట్టు ఎవరిదో కనుక్కుని, అడిగాకే దిగండి.

70 కిలోల మనిషికి 2.25 అంగుళాల టైరులో గాలి ఒత్తిడి ట్యూబుతో 28–30 పీఎస్ఐ, ట్యూబ్‌లెస్ (ట్యూబు లేని టైరు) అయితే 22–25 పెట్టండి. ఎక్కువైతే గట్టి నేల మీది గులకల్లో జారుతుంది, తక్కువైతే రాయి తగిలి ట్యూబుకు జంట చిల్లులు పడతాయి. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఇక్కడ అసలు శత్రువులు. పంక్చర్ వేశాక టైరు లోపల పాత నూలు గుడ్డతో తుడవండి. మిగిలిన ముల్లుకు దారం చిక్కుకుని దొరుకుతుంది. వేలితో వెతికితే వేలికి గుచ్చుకుంటుంది. ట్యూబ్‌లెస్ వాళ్లు 29 అంగుళాల చక్రానికి 100 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లులు తనంతట తానే పూడ్చే ద్రవం) పోసి, రెండు నెలలకోసారి చూసుకోండి. ఈ ఎండకు అది త్వరగా ఎండిపోతుంది.

ఇక ఉప్పు గాలి. సముద్రానికి దగ్గర ఇల్లయితే చైను, కేబుళ్లు, బోల్టులు చూస్తుండగానే తుప్పు పడతాయి. బీచ్ రోడ్డు మీదుగా వచ్చిన రోజు మంచినీటితో, జోరు లేకుండా కడిగి, గుడ్డతో తుడిచి, చైను ఆరాక నూనె వేయండి. ఇల్లు చూసేటప్పుడే కింద కుళాయి ఉందా, సైకిల్ లోపల పెట్టుకోనిస్తారా అని ఓనరును అడిగి, అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వండి.