ప్రెజెంట్ టెన్స్‌లో తప్పు ఎక్కడ పడుతోంది? ముందు మీ తెలుగు వాక్యంలో వెతకండి

సాయంత్రం పూట నా దగ్గరికి ఇంగ్లీష్ మాట్లాడటం నేర్చుకోడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ చదివినవాళ్లే. టెన్స్‌లు ఎన్నని అడిగితే పన్నెండూ వరసగా అప్పజెప్పేస్తారు. తీరా రెండు వాక్యాలు మాట్లాడమంటే టెన్షన్ మొదలవుతుంది. వాళ్లకి గ్రామర్ రాదని నేను అనుకోను. తెలుగులో ఒక్క క్రియతో సరిపోయే చోట ఇంగ్లీష్‌కి రెండు మూడు రూపాలు కావాలి. తప్పులు పడేది సరిగ్గా అక్కడే.

సమస్య: అలవాటు చెప్పాల్సిన చోట ‘విల్’ వచ్చేస్తోంది

మొన్న ఒకమ్మాయికి ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయిస్తూ “వాట్ డు యు డు ఆన్ సండేస్?” అని అడిగాను. “ఐ విల్ హెల్ప్ మై మదర్. ఐ విల్ వాష్ క్లోత్స్” అంది. తను చెప్పాలనుకున్నది ప్రతి ఆదివారం చేసే పని. వినేవాళ్లకి అందేది ఇకముందు చేయబోయే పని.

అదే మాట నోట్‌బుక్‌లో తెలుగులో రాయమన్నాను. ‘అమ్మకి సాయం చేస్తాను, బట్టలు ఉతుకుతాను’ అని రాసింది. ‘ఉతుకుతాను’ కింద గీత గీసి, ముందు ‘ప్రతి ఆదివారం’ పెట్టి చదవమన్నాను. తర్వాత ‘రేపు’ పెట్టి చదవమన్నాను. రెండూ కుదిరాయి. కాసేపు ఆ గీత వంకే చూసి, “అయితే మనకి రెండిటికీ ఒకటే మాటా సార్?” అంది. అవును, కారణం అదే. మన ‘ఉతుకుతాను’ అలవాటుకీ పనికొస్తుంది, రేపటికీ పనికొస్తుంది.

పరిష్కారం: వాక్యం మొదలుపెట్టే ముందు మనసులో ఒక కాలం మాట చేర్చుకోండి. ‘రోజూ’, ‘ప్రతివారం’, ‘ఎప్పుడూ’ కుదిరితే సింపుల్ ప్రెజెంట్: “ఐ వాష్ క్లోత్స్ ఆన్ సండేస్.” ‘రేపు’, ‘ఇక నుంచి’ అయితేనే ‘విల్’.

సమస్య: ప్రతి క్రియకీ ‘ఇంగ్’ తగులుతోంది

“ఐ యామ్ నోయింగ్ హిమ్”, “ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్”, “ఐ యామ్ వాంటింగ్ లీవ్”. ఈ తప్పు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీనికి మందు కూడా మన తెలుగులోనే ఉంది.

‘నాకు అతను తెలుసు’, ‘నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు’, ‘నాకు సెలవు కావాలి’, ‘నాకు కాఫీ ఇష్టం’, ‘నాకు గుర్తుంది’. వీటిలో ఒక్కదానిలోనైనా ‘తున్నాను’ ఉందా? లేదు. మనం కూడా వీటిని జరుగుతున్న పనులుగా చూడం. ‘నాకు’తో మొదలై, చివర ‘తున్న’ లేని వాక్యానికి ఇంగ్లీష్‌లోనూ చాలావరకు ‘ఇంగ్’ పట్టదు: “ఐ నో హిమ్”, “ఐ హ్యావ్ టూ సిస్టర్స్”, “ఐ వాంట్ లీవ్”, “ఐ లైక్ కాఫీ”, “ఐ రిమెంబర్.” ‘హ్యావ్’ అంటే ‘తినడం’ అయినప్పుడు మాత్రం “ఐ యామ్ హ్యావింగ్ లంచ్” అనొచ్చు. అది నిజంగా జరుగుతున్న పనే కదా.

ఈ కొండగుర్తు పనిచేయని మాటలు కొన్ని ఉన్నాయి. మనం ‘అర్థమవుతోంది’, ‘వినిపిస్తోంది’, ‘అనుకుంటున్నాను’, ‘నమ్ముతున్నాను’ అంటాం కాబట్టి ఫోన్‌లో “ఐ యామ్ హియరింగ్ యు” అని వచ్చేస్తుంది. ఇక్కడ “ఐ కెన్ హియర్ యు”, “ఐ అండర్‌స్టాండ్”, “ఐ థింక్ సో”, “ఐ బిలీవ్ యు” అనాలి. ఈ నాలుగూ కంఠతా పట్టేయండి, వేరే దారి లేదు.

‘మా నాన్న బ్యాంకులో పనిచేస్తున్నారు’ లాంటివి ఇంకో రకం. “మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ ఎ బ్యాంక్” అంటే మన దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది. కానీ బయటి దేశంలో వినేవాళ్లకి అది తాత్కాలికంగా చేస్తున్న ఉద్యోగంలా వినిపించొచ్చు. స్థిరమైన ఉద్యోగానికి “హి వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్” చాలు.

సమస్య: ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’

“ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్.” ఇందులో తప్పులు రెండు. ‘2019 నుంచి’ అన్నా, ‘ఐదేళ్ల నుంచి’ అన్నా మనకి ‘నుంచి’ ఒకటే. ఇంగ్లీష్‌లో పని మొదలైన సమయం చెప్తే ‘సిన్స్’, గడిచిన కాలం చెప్తే ‘ఫర్’.

పరిష్కారం: ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘ఐదేళ్లుగా’ కుదిరింది, కాబట్టి ‘ఫర్’. ‘మూడు రోజులుగా’ కుదిరింది, ‘ఫర్’. ‘2019గా’, ‘సోమవారంగా’ కుదరవు, కాబట్టి ‘సిన్స్’. ఈ పరీక్ష చెప్పాక నా క్లాసులో ఈ తప్పు బాగా తగ్గింది.

రెండో తప్పు క్రియలో ఉంది. అప్పుడు మొదలై ఇంకా నడుస్తున్న పనికి ‘యామ్’ చాలదు, ‘హ్యావ్ బీన్’ కావాలి: “ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్.” తెలుగు వాక్యంలో ‘నుంచి’, ‘తున్నాను’ రెండూ కలిసి కనబడితే ‘హ్యావ్ బీన్’ గుర్తుకు రావాలి.

సమస్య: ‘యామ్’ అక్కర్లేని చోట ఉంటోంది, కావాల్సిన చోట ఉండట్లేదు

“ఐ యామ్ గో టు ఆఫీస్ డైలీ” అనేవాళ్లు ‘ఐ యామ్’ రెండూ కలిపి ‘నేను’ అనుకుంటున్నారు. చిన్నప్పుడు ‘ఐ యామ్, యు ఆర్, హి ఈజ్’ అని జంటగా బట్టీ పట్టిన ఫలితమది. అలవాటు చెప్పే క్రియ వస్తే ‘యామ్’ తీసేయండి.

“మై నేమ్ రవి”, “షి వెరీ బిజీ” దీనికి తలకిందుల తప్పు. ‘నా పేరు రవి’ అన్న తెలుగు వాక్యంలో క్రియే లేదు, అది మన భాషకి సహజం. ఇంగ్లీష్ వాక్యం క్రియ లేకుండా నిలబడదు. ‘నాకు కాఫీ ఇష్టం’ లాంటి ‘నాకు’ వాక్యాలు తప్ప, మీ తెలుగు వాక్యం క్రియ లేకుండా ముగిస్తే అక్కడ ‘ఈజ్’, ‘యామ్’, ‘ఆర్’లలో ఒకటి పెట్టండి.

సమస్య: ‘హి గో’, ‘డజ్ హి గోస్?’

వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు. మన క్రియ మనిషిని బట్టి మారుతూనే ఉంటుంది. ఇంగ్లీష్‌లో మారేది ఒక్క చోట, అదీ చివర చిన్న ‘ఎస్’. అందుకే చెవి దాన్ని వదిలేస్తుంది. ఆ ‘ఎస్’ ఒక్కటే ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ‘డజ్’ వస్తే అది ‘డజ్’లోకి వెళ్లిపోతుంది: “హి గోస్”, “డజ్ హి గో?”, “హి డజంట్ గో.”

గౌరవం గురించి కూడా ఒక మాట. ‘నాన్నగారు వస్తారు’ అని మనం బహువచనం వాడతాం. “మై ఫాదర్ కమ్స్” అంటే అమర్యాదగా అనిపిస్తుందని ఒకాయన నాతో అన్నారు. ఇంగ్లీష్ క్రియలో గౌరవం ఉండదు, నిశ్చింతగా ‘కమ్స్’ అనండి.

సమస్య: “వేర్ యు ఆర్ గోయింగ్?”

ప్రశ్న అడగడానికి మనం మాటల వరస మార్చం. ‘వస్తున్నావు’ చివర దీర్ఘం పెడితే ‘వస్తున్నావా’ అయిపోతుంది. ‘ఎక్కడికి’ చేర్చినా మిగతా వాక్యం కదలదు. ఇంగ్లీష్‌లో ‘ఆర్’ ముందుకి దూకాలి: “వేర్ ఆర్ యు గోయింగ్?” ముందుకి దూకడానికి ‘ఆర్’ లాంటిది ఏదీ లేకపోతే ‘డు’నో ‘డజ్’నో తెచ్చుకోవాలి: “వేర్ డు యు లివ్?” రోజూ ఇంట్లో అడిగే ఐదు ప్రశ్నలు తెలుగులో రాసుకుని, ఒక్కోదాన్నీ ఇలా మార్చి పైకి చదవండి. మనసులో చదివితే ఈ వరస నోటికి అలవాటు కాదు.