బెంగళూరు నుంచి బస్సెక్కి పల్లెబాటలు నడవాలంటే

సొంత బండిలో నడకకు వెళ్ళినవారు ఎంత దూరం నడిచినా చివరికి ఆ బండి నిలిపిన చోటికే తిరిగి రావాలి. బస్సులో వెళ్ళినవారికి ఆ కట్టుబాటు లేదు. ఒక రోడ్డు మీద దిగి, గుట్ట దాటో, చెరువు కట్ట వెంబడో, పొలాల మధ్య డొంక పట్టుకునో నడిచి, మరో రోడ్డు మీద తేలి, అక్కడ వచ్చిన బస్సు ఎక్కవచ్చు. కాబట్టి ముందుగా మ్యాపులో బస్సులు తిరిగే రెండు రోడ్లను వెతకాలి. వాటి మధ్య ఆరు నుంచి పది కిలోమీటర్ల లోపు కాలిబాట ఉంటే ఒక పూట నడక సిద్ధమైనట్టే. ఆ రెండింటిలో బస్సులు ఎక్కువగా తిరిగే రోడ్డును నడక చివరికి పెట్టుకోవాలి. పొద్దున బస్సు తప్పితే ఆటో మాట్లాడుకోవచ్చు, లేదా గంటసేపు కూర్చోవచ్చు. చీకటి పడే వేళ పల్లె క్రాసులో, అంటే ఊరిదారి పెద్దరోడ్డులో కలిసే చోట, బస్సు తప్పితే చేయగలిగేది పెద్దగా ఉండదు. నేను ఒకసారి ఈ వరుసను తలకిందులు చేసుకుని, ఊరి రావికట్ట మీద ఏడున్నర దాకా కూర్చుని, చివరికి మార్కెట్టుకు వెళ్ళే టెంపోలో టమాటా క్రేట్ల మధ్య ఒదిగి చిక్కబళ్ళాపురం చేరాను.

ఏ దిక్కుకు వెళ్ళాలన్న ప్రశ్నకు నా జవాబు ఉత్తరం, తూర్పు. నంది కొండల వైపు, చింతామణి, కోలారు వైపు పల్లెల్లో తెలుగు చాలా ఇళ్ళలో వినిపించే భాషే కనుక దారి అడగడానికి, తిరుగు బస్సు సంగతి కనుక్కోవడానికి మనకు అక్కడ ఇబ్బంది ఉండదు. అయినా కన్నడ మాటలు నాలుగు తెలిసి ఉండటం మర్యాద. బెట్ట అంటే కొండ, కెరె అంటే చెరువు, ఏరి అంటే చెరువు కట్ట. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ‘కొనె బస్సు ఎష్టు గంటెగె?’, అంటే చివరి బస్సు ఎన్నింటికి అని. ఈ ప్రశ్నను దిగేటప్పుడే కండక్టరును అడగాలి, నడక మొదలుపెట్టే ముందు ఊళ్ళోని టీ కొట్టులో మరోసారి అడగాలి. రెండు జవాబులూ కలవకపోతే ముందున్న సమయాన్నే నమ్మాలి.

బెంగళూరు ప్రధాన బస్టాండైన మెజెస్టిక్‌లో నగర బస్సులకు, బయటి ఊళ్ళకు వెళ్ళే కర్ణాటక ఆర్టీసీ (కేఎస్‌ఆర్‌టీసీ) బస్సులకు స్టాండ్లు వేరువేరుగా ఉంటాయి. పల్లె బస్సుల బోర్డులు చాలావరకు కన్నడలోనే ఉంటాయి కాని తెలుగు చదివేవారు వాటిని చూసి బెదరనక్కరలేదు. మన తలకట్టు టిక్కు గుర్తులా పైకి లేస్తే కన్నడ తలకట్టు అడ్డగీతలా పడుకుంటుంది. ఆ తేడాకు కన్ను అలవాటు పడితే ఊరి పేర్లు రెండు మూడు ప్రయాణాల్లోనే చదవడం వస్తుంది. ఆర్డినరీ బస్సులకు రిజర్వేషను అవసరం లేదు. చిల్లర మాత్రం దగ్గర ఉంచుకోవాలి. లేకపోతే కండక్టరు మిగతా డబ్బును టికెట్టు వెనుక రాసి ఇస్తారు, దిగే హడావిడిలో దాన్ని మరచిపోయేది మనమే. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద ఈ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమే అయినా అందుకు కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఏళ్ళ తరబడి బెంగళూరులో ఉంటూ ఆధార్‌లో ఇంకా కడప, కర్నూలు చిరునామాలే ఉంచుకున్న మన ఆడవారు టికెట్టు కొనవలసిందే.

మొదటి నడకకు నంది కొండను మించినది లేదు. నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, 1478 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండకు అందరూ సూర్యోదయం కోసం కార్లలో ఎగబడతారు. బస్సులో వెళ్ళేవారు సూర్యోదయాన్ని వదులుకోవాలి; వదులుకుంటే పోయేదేమీ లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ వేళ కనిపించేది ఎక్కువగా మంచు, సెల్‌ఫోన్లు. పొద్దున బస్సులో నేరుగా కొండ మీదికి వెళ్ళి, లేదా చిక్కబళ్ళాపురంలో బస్సు మారి, కోట గోడల వెంబడి తిరిగి, సుల్తాన్‌పేట వైపు మెట్లదారి తెరిచి ఉందని గేటు దగ్గర కనుక్కుని, దాని మీదుగా కిందికి దిగాలి. అక్కడి నుంచి నంది గ్రామానికి నడిస్తే భోగనందీశ్వర ఆలయం వస్తుంది. తొమ్మిదో శతాబ్దపు మూలాలున్న ఈ ఆలయంలో భోగనందీశ్వరుడికి, అరుణాచలేశ్వరుడికి జంట గుళ్ళు, పక్కన మెట్ల కోనేరు ఉన్నాయి. దిగుడు దారి కనుక ఊపిరికి సులువే కాని మోకాళ్ళ నొప్పి ఉన్నవారు చేతికర్ర తెచ్చుకోవాలి. మన ఉత్తర పినాకిని, అంటే పెన్న, పుట్టేది ఈ కొండల వరుసలోనే. నెల్లూరులో అంత వెడల్పు నదిని చూసినవారికి ఇక్కడి వాగుల సన్నదనం వింతగా తోస్తుంది. ఓపిక మిగిలితే దగ్గరలోని ముద్దేనహళ్ళిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఇల్లు, సమాధి చూసి చిక్కబళ్ళాపురం మీదుగా తిరిగి రావచ్చు. ఆయన ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్రప్రదేశ్‌లోని ఊరే.

రెండో నడక కోలారు పక్కన ఉన్న అంతరగంగె. కోలారు దిశగా బస్సులకు కొదవ లేదు కాని తిరుపతి, చిత్తూరు వైపు వెళ్ళే కొన్ని బస్సులు ఊళ్ళోకి రాకుండా బైపాస్ మీదే దింపుతాయి, ఎక్కేముందే అడగాలి. ఊరి నుంచి కొండ అడుగు వరకు మూడు నాలుగు కిలోమీటర్లు. మెట్లెక్కితే రాతి బసవన్న నోటి నుంచి ఏడాది పొడవునా నీరు పడే కోనేరు వస్తుంది. కోతులు సంచి జిప్పు తీయడం నేర్చినవి కనుక పులిహోర పొట్లం అక్కడ విప్పకూడదు. ఆలయం దాటి బండల సందుల్లోంచి పైకి సాగితే తేరుహళ్ళి వస్తుంది. కొండ మీద రాగి చేలు, చిన్న ఊరు చూడటం ఈ నడకలోని అసలు సుఖం. కోలారు చుట్టుపక్కల చెరువుల్లో కొన్నిటిని 2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీటితో నింపుతున్నారు. కట్ట మీద నడకకు అవి హాయిగానే ఉంటాయి కాని ఆ నీళ్ళు తాగడానికి, ఈతకు పనికిరావు.

దూరం వెళ్ళే తీరిక లేనివారికి 1894లో అర్కావతి మీద కట్టిన హెసరఘట్ట చెరువు, దాని పక్కన ఉన్న గడ్డి మైదానం చాలు. 365 నంబరు సిటీ బస్సు ఎక్కితే బన్నేరుఘట్ట చేరవచ్చు, అయితే అక్కడ అడవిలోకి సొంతంగా నడిచి వెళ్ళకూడదు, అవి ఏనుగులు తిరిగే చోట్లు. స్కందగిరి వంటి కొండలకు అటవీశాఖ అనుమతి ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అనుమతి లేకుండా అంత దూరం బస్సు ప్రయాణం చేసి గేటు దగ్గర వెనుదిరగడం కన్నా ఊళ్ళ మధ్య డొంకలు పట్టుకోవడం మేలు. చేల గట్ల మీద నడిచేటప్పుడు కనిపించిన రైతును ఒక మాట అడిగితే చాలు, వద్దనేవారు అరుదు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు మంచి కాలం. మార్చి తరువాత పది గంటలకల్లా నల్లబండ కాలిపోతుంది కనుక మొదటి బస్సుకే బయలుదేరాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే కొండ నెత్తిన ఆగకూడదు. బోడి బండ మీద పిడుగుకు అడ్డు ఉండదు, తడిసిన బండ మీద కాలు నిలవదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, చిన్న టార్చి ఉండాలి. టార్చి అవసరమయ్యేది దారిలో కాదు, తిరుగు బస్సు దగ్గర. దీపాలు లేని క్రాసులో నిలబడ్డవారు డ్రైవరుకు దగ్గరికి వచ్చేదాకా కనిపించరు. బస్సు దీపాలు దూరంగా ఉండగానే టార్చి వెలుగును కిందికి వేసి ఊపుతూ చెయ్యెత్తితే, అతనికి బ్రేకు వేసే వ్యవధి ఉంటుంది.